ల్యాండ్‌లైన్‌లో గరగర: తప్పు ఎక్కడుందో చెవే చెబుతుంది

బందరులో మా అమ్మమ్మగారింట్లో ల్యాండ్‌లైన్‌కి ఒక వింత రోగం ఉండేది. ఆవిడ ఎవరికన్నా ఫోన్ చేస్తే చెవిలో పోపు చిటపటలాడినట్టు ఒకటే మోత. అదే బయటినుంచి ఎవరైనా చేస్తే కాసేపు శుభ్రంగా వినిపించేది. కంప్లయింట్ రాయిస్తే లైన్‌మన్ ఎక్స్‌ఛేంజి నుంచి ఫోన్ చేసి, "బాగానే వినపడతా ఉంది కదండీ మామ్మగారూ" అనేవాడు. నిజంగానే బాగా వినపడుతోంది కాబట్టి ఆవిడకి ఏం చెప్పాలో తోచేది కాదు. కంప్లయింట్ మూసేసేవారు. అరగంట తిరక్కుండా మళ్లీ పోపు. ఒక వానాకాలమంతా ఇదే తంతు.

ఇందులో లైన్‌మన్ అబద్ధమాడలేదు, అమ్మమ్మా ఆడలేదు. పరీక్ష కోసం చేసిన ఫోనే ఆ రోగాన్ని కాసేపు తగ్గిస్తోంది. ఎలాగంటే, ఇంటికీ ఎక్స్‌ఛేంజికీ మధ్య ఎక్కడో రాగి తీగల అతుకు దగ్గర చిలుము పట్టింది. ఫోను ఊరికే ఉన్నప్పుడు తీగలో ఉండేది 48 వోల్టుల డీసీ. గంట మోగించడానికి ఎక్స్‌ఛేంజి దాని మీద సుమారు 75 వోల్టుల ఏసీని పంపుతుంది. పల్చటి చిలుము పొరను ఆ దెబ్బ చీల్చుకుని పోతుంది, అతుకు కాసేపు మంచి అతుకులా పనిచేస్తుంది. తర్వాత పొర మళ్లీ కమ్ముకుంటుంది. మనం చేసే కాల్‌లో గంట మోగేది అవతలివాళ్ల ఇంట్లో, మన తీగ మీద ఆ దెబ్బ పడదు. అందుకే చేస్తే మోత, వస్తే నిశ్శబ్దం.

"ఫోను సరిగ్గా వినపడటం లేదు" అని కంప్లయింట్ రాయించడం, డాక్టరు దగ్గరికెళ్లి "ఒంట్లో బాలేదు" అని కూర్చోవడం లాంటిది. మోత ఎలాంటిది, ఎప్పుడు వస్తుంది, ఇద్దరికీ వినిపిస్తోందా ఒక్కరికేనా అన్న మూడూ చెప్పగలిగితే తప్పు ఏ మూల ఉందో చాలావరకు తేలిపోతుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ తీగ ఎక్కణ్నుంచి ఎక్కడికి వస్తోందో చూడాలి.

రాగి తీగ ప్రయాణం

ఎక్స్‌ఛేంజిలో ఎం.డి.ఎఫ్. అనే పెద్ద చట్రం ఉంటుంది. ఊళ్లోని ప్రతి ఫోనుకూ అక్కడ ఒక జత తీగలు, వాళ్ల భాషలో ఒక పెయిర్. అక్కణ్నుంచి లావాటి కేబుల్ భూమిలోంచి వీధి మలుపులో ఉండే పిల్లర్ అనే పెట్టెకు వస్తుంది. పిల్లర్ నుంచి చిన్న కేబుళ్లు స్తంభాల మీదుండే డీపీ పెట్టెలకు. డీపీ నుంచి గాల్లో వేలాడుతూ మన చూరు దాకా వచ్చేది డ్రాప్ వైరు. అది గోడమీద తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో, అంటే రోజెట్‌లో ఆగుతుంది. అక్కణ్నుంచి ఫోను.

ఇన్ని మజిలీల్లో ప్రతిచోటా ఒక అతుకుంది. తీగ తనంత తానుగా చెడిపోవడం అరుదు. చెడేది అతుకులే. అర మిల్లీమీటరు రాగి తీగ జతకు పోనూ రానూ కలిపి కిలోమీటరుకు సుమారు 180 ఓమ్‌ల నిరోధం. ఎక్స్‌ఛేంజికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి 540 దాకా వస్తుంది, దాంతో ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. చిలుము పట్టిన అతుకు అలా కాదు. గాలి వీచి తీగ ఊగితే ఒకలా, ఎండకు వేడెక్కితే ఇంకోలా, క్షణక్షణానికీ మారిపోతుంది. రిసీవర్ ఎత్తాక తీగలో పారేది ఇరవై, ముప్పై మిల్లీ ఆంపియర్ల కరెంటు. మన మాట ఆ కరెంటులో వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులే తప్ప మరేమీ కాదు. అతుకు తెచ్చే హెచ్చుతగ్గులేవో, గొంతు తెచ్చినవేవో ఫోనుకు తేడా తెలియదు. రెండిటినీ చెవిలో పోస్తుంది.

ఈ 48 వోల్టుల్లో ఒక పాతకాలపు తెలివి దాగుంది. ఎక్స్‌ఛేంజిలో బ్యాటరీ పాజిటివ్ కొసను భూమికి కలుపుతారు, తీగ నెగటివ్‌గా ఉంటుంది. తిరగేసి పెడితే, కేబుల్‌లోకి నీళ్లు దిగినప్పుడల్లా రాగి కరిగి మట్టిలోకి పోతుంది. నెగటివ్‌గా ఉంచడం వల్ల ఆ తినివేత బాగా తగ్గుతుంది. తగ్గుతుందే గాని ఆగదు, బందరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరీనూ.

రెండో సంగతి, మెలిక. జతలోని రెండు తీగలనూ జడలా మెలిపెట్టే పద్ధతికి గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. ఫోను తీగ పక్కనే కరెంటు తీగ వెళుతున్నప్పుడు దాని ప్రభావం ఈ రెండింటి మీదా పడుతుంది. మెలిక వల్ల రెండింటి మీదా సమానంగా పడుతుంది. ఫోను వినేది రెండు తీగల మధ్య తేడాను మాత్రమే కాబట్టి, సమానంగా పడ్డది రద్దయిపోతుంది. ఒక తీగ తడిసి భూమిలోకి కాస్త కారినా, ఒక తీగ అతుకులో మాత్రం నిరోధం పెరిగినా ఈ సమతూకం చెడుతుంది. అప్పుడు మొదలవుతుంది తుమ్మెద రొదలాంటి "గుయ్". కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఫోను పలికేది 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా. కాబట్టి మనకు వినిపించేది అసలు 50 కాదు, దాని గుణిజాలైన 350, 450, 550 లాంటివి.

ఏ మోతకు ఏ అర్థం

చిటపట, గరగర అంటే అతుకు. ఇక్కడ రిసీవర్ తీగను మరిచిపోకూడదు. మెలికల తీగ రెండు కొసల దగ్గరా లోపల తెగిపోతుంది, పైకి కనపడదు. మాట్లాడుతూ దాన్ని కొసల దగ్గర అటూ ఇటూ కదపండి. మోత దానితోపాటు ఆడితే డ్రాప్ వైరునూ డీపీనీ తిట్టుకోనక్కర్లేదు, కొత్త తీగ కొనుక్కుంటే సరిపోతుంది.

గరగర వానతో పెరిగి ఎండతో తగ్గితే తప్పు బయటే. వాన వెలిశాక ఎంతసేపటికి తగ్గుతుందో గమనించడమూ పనికొస్తుంది. గంటా రెండు గంటల్లో ఆరిపోతే చూరు దగ్గరో డీపీలోనో పైపైన తడిసిందని ఊహించవచ్చు. వాన పోయి వారమైనా పోకపోతే భూమిలోని కేబుల్‌లోకి నీళ్లు దిగి ఉండవచ్చు. కాగితం చుట్టిన పాత కేబుళ్లు తడిస్తే ఇక అంతే. తర్వాత వచ్చిన జెల్లీ నింపిన కేబుళ్లు కొంత నయం, అయితే రోడ్డు తవ్వేవాడి గునపానికి జెల్లీ అడ్డు కాదు.

"గుయ్" వచ్చినప్పుడు నేను మొదట అడిగేది కరెంటు ఉందా, ఇన్వర్టర్ మీద నడుస్తోందా అని. చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు నడుస్తున్నప్పుడు ఇంట్లో ఫ్యాన్లే మూలుగుతాయి, ఇక కార్డ్‌లెస్ ఫోను మూలగడంలో వింతేముంది? కరెంటు రాగానే మోత ఆగితే తప్పు లైనుది కాదు. కార్డ్‌లెస్ బేస్ అడాప్టరు పాడైనా ఇదే మూలుగు వస్తుంది. కరెంటుతో పనిలేని మామూలు ఫోను ఒకటి తగిలించి చూస్తే విషయం తేలిపోతుంది.

ఆగకుండా సన్నగా వచ్చే "సుయ్"మనే శబ్దం, అదీ రాగి లైను మీదే బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంట్లో వస్తే, స్ప్లిటర్ వైపు చూడాలి. ఇంటర్నెట్టూ మాటా ఒకే తీగలో వేర్వేరు పౌనఃపున్యాల మీద నడుస్తాయి. మాటది 4 కిలోహెర్ట్జ్ లోపు, ఏడీఎస్‌ఎల్‌ది, అంటే రాగి తీగ మీద నడిచే బ్రాడ్‌బ్యాండ్‌ది, సుమారు 26 కిలోహెర్ట్జ్ నుంచి పైకి. ఈ రెండింటినీ విడదీసేది ఆ చిన్న డబ్బా. పడగ్గదిలో ఇంకో ఫోను పెట్టుకుని, దానికి ఫిల్టర్ లేకుండా నేరుగా లైనుకు తగిలిస్తే రెండూ దెబ్బతింటాయి. ఫోనులో సుయ్, ఫోను ఎత్తినప్పుడల్లా నెట్ కట్.

ఎవరివో మాటలు వినిపించడం 80ల్లో, 90ల్లో ఫోను వాడినవాళ్లకు తెలిసిన వినోదమే. కేబుల్ తడిసినా వస్తుంది. అతుకు వేసేటప్పుడు ఒక జతలోని తీగను, పక్క జతలోని తీగతో పొరపాటున జతకట్టినా వస్తుంది. రెండోది జరిగితే మెలిక ఇచ్చే రక్షణ పూర్తిగా పోయినట్టే. బాగుచేసిన మర్నాటి నుంచే పక్కింటి కబుర్లు వినపడుతుంటే అనుమానించాల్సింది దాన్నే.

రేడియో వినిపించడం దీనికి అన్నలాంటిది. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద, హైదరాబాద్ 738 మీద పంపే మీడియం వేవ్ ప్రసారాన్ని పొడవాటి ఫోను తీగ ఏరియల్‌లా అందుకోగలదు. అందుకున్నా, అతుకులు బాగుంటే ఏమీ వినపడదు. చిలుము పట్టిన అతుకు కరెంటును ఒకవైపే సులువుగా పోనిస్తే మాత్రం, అది పాత క్రిస్టల్ రేడియోలోని రాయి చేసే పనే చేస్తుంది, అంటే రేడియో తరంగంలోంచి మాటను విడదీస్తుంది, వార్తలు రిసీవర్‌లో చదువుతారు. ట్రాన్స్‌మిటర్‌కి దగ్గర్లో ఉన్న ఇళ్లకే ఈ భాగ్యం.

మాట నూతిలోంచి వచ్చినట్టుంటే ఇంట్లో ఇంకో ఫోను ఎత్తి ఉందేమో చూడండి. వచ్చే కరెంటు ఒక్కటే, రెండు ఫోన్లు పంచుకుంటే ఇద్దరికీ తగ్గుతుంది. ఇక మన మాటే మనకు తిరిగి వినిపిస్తుంటే దాన్ని చాలామంది తమ ఫోను తప్పనుకుంటారు. సాధారణంగా అది అవతలివైపుది. మన గొంతు అక్కడిదాకా వెళ్లి, అక్కడ స్పీకర్‌లోంచి మైకులోకి దూరో, వాళ్ల లైనులో తగిలి వెనక్కి తిరిగో వస్తుంది. వేరే నంబర్లకు చేసి చూసినా ప్రతిధ్వని అలాగే ఉంటే అప్పుడు మన వైపు వెతకాలి. అన్నట్టు, పరీక్షకు సెల్‌కు కాకుండా ఇంకో ల్యాండ్‌లైన్‌కు చేయడం మంచిది. అవతలివాడు బస్సులో ఉండి సిగ్నల్ లేక మాట తెగితే మన లైను ఏం చేస్తుంది?

ఇంట్లోదా, వీధిలోదా

ఇదొక్కటి తేల్చుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. బాగుందని తెలిసిన ఫోను ఒకటి, కార్డ్‌లెస్ కానిది, తీసుకోండి. పక్కింటివాళ్లనడిగి తెచ్చుకున్నా సరే. డ్రాప్ వైరు ఇంట్లోకి వచ్చే మొట్టమొదటి డబ్బా దగ్గర, అక్కణ్నుంచి లోపలి గదులకు వెళ్లే తీగలన్నీ విప్పేసి, ఈ ఫోను ఒక్కటే తగిలించండి. డయల్ టోన్ మీద మోత సరిగ్గా తెలియదు కాబట్టి ఏదైనా ఒక అంకె నొక్కండి. టోన్ ఆగి కొన్ని సెకన్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో వినండి. అక్కడా మోత ఉంటే తప్పు వీధిలోది. లేకపోతే ఇంట్లోదే, ఒక్కో తీగా మళ్లీ కలుపుతూ పోతే ఏది కలపగానే మోత వచ్చిందో అదే దొంగ.

ఇంట్లో దొంగలు ఎక్కువగా రోజెట్‌లోనే దొరుకుతారు. మూత తీస్తే చీమల పుట్టో, బల్లి గుడ్లో, పచ్చగా మారిన స్క్రూలో. చిలుము పట్టిన కొసను కత్తిరించి, అంగుళం కొత్త రాగి తేల్చి బిగిస్తే చాలు. ఈ పని ఉరుములప్పుడు మాత్రం చేయకండి. తీగ పట్టుకున్నప్పుడు గంట మోగితే ఆ 75 వోల్టులు గట్టిగానే చురుక్కుమంటాయి.

మల్టీమీటరు ఉన్నవాళ్లు ఇంకో అడుగు వేయవచ్చు. ఫోను పెట్టేసి ఉండగా 48 చుట్టుపక్కల చూపించాలి. ఎత్తితే ఆరేడు నుంచి పన్నెండు దాకా పడిపోవాలి. పెట్టి ఉండగానే బాగా తక్కువ చూపిస్తే ఎక్కడో కారుతోంది. పెట్టి ఉండగా 48 నిండుగా ఉండి, ఎత్తినప్పుడు రెండు మూడు వోల్టులకు జారిపోతే మధ్యలో ఏదో అతుకు అడ్డుపడుతోంది.

ఈ చివరి తేడాలోనే "మా టెస్టులో ఓకే వచ్చిందండీ" అన్న మాటకు జవాబుంది. ఎక్స్‌ఛేంజిలో కూర్చుని చేసే మామూలు పరీక్ష, ఫోను పెట్టి ఉన్నప్పుడు తీగల మధ్య, తీగకూ భూమికీ మధ్య కరెంటు కారుతోందా అని చూస్తుంది. కారడం వేరు, అడ్డుపడటం వేరు. చిలుము పట్టిన అతుకులో ఏదీ కారదు. కరెంటు పారితేగానీ అది తన గుణం చూపించదు. అందుకని లైన్‌మన్ వచ్చినప్పుడు ఇంటి దగ్గర రెండు తీగలనూ కలిపి పట్టి, అవతల ఎక్స్‌ఛేంజి నుంచి లూప్ నిరోధం, అంటే పోనూ రానూ తీగల మొత్తం నిరోధం, కొలిపించమనాలి. అంకె నిలకడగా ఉండకుండా ఆడుతుంటే ఇక వాదన అక్కర్లేదు. అతుకు దొరక్కపోతే పెయిర్ మార్చమని అడగవచ్చు. ఒకప్పుడు పెయిర్ ఖాళీ లేక ఏళ్లతరబడి ఫోను కోసం ఎదురుచూసిన ఊళ్లలోనే ఇప్పుడు ఖాళీ పెయిర్లు బోలెడు. 2006 నాటికి దేశంలో 4 కోట్లు దాటిన వైరు ఫోన్లు 2020కల్లా సగానికి, 2 కోట్లకు దిగాయి.

మా అమ్మమ్మ సంగతి అలాగే తేలింది. ఒకరోజు ఆవిడ లైన్‌మన్‌ని ఇంటికి పిలిపించి, "నువ్వు నాకు చెయ్యకు నాయనా, ఇక్కణ్నుంచి నువ్వే ఎవరికైనా చెయ్యి" అంది. చేశాడు, విన్నాడు, మాట్లాడకుండా నిచ్చెన తెచ్చుకున్నాడు. చూరు కింద డ్రాప్ వైరు తెగిన చోట ఎవరో రెండు కొసలూ మెలితిప్పి నల్ల టేపు చుట్టి వెళ్లారు. టేపు లోపల రాగి పచ్చటి పొడి అయిపోయింది. అక్కడ రెండంగుళాలు కోసేసి, లోపల జెల్ ఉండే చిన్న కనెక్టర్లతో నొక్కాడు. టేపు నీటిని ఆపదు, లోపలికి దిగినదాన్ని బయటికి పోనివ్వదు, అంతే.

ఫైబర్ వచ్చాక

ఇప్పుడు చాలా ఇళ్లలో ల్యాండ్‌లైన్ అంటే ఫైబర్ పెట్టె వెనకాల ఫోను గుర్తున్న చిన్న రంధ్రం. పైన చెప్పిన చిలుము కథ ఆ పెట్టె ముందువరకూ వర్తించదు. అక్కడ మాట సెకనుకు 8,000 నమూనాలుగా, ఒక్కోటి 8 బిట్లుగా, మొత్తం 64 కిలోబిట్లుగా మారి, సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా ప్రయాణం చేస్తుంది. ఆ ముక్కలే పొట్లాలు (ప్యాకెట్లు), సెకనుకు యాభై. పొట్లం పోతే మాటలో ఆ ముక్క పోతుంది. ఆలస్యంగా వచ్చినా పోయినట్టే, ఎందుకంటే ఆ అక్షరం పలకాల్సిన సమయం దాటిపోయింది. అందుకే ఫైబర్ ఫోనులో రోగాలు గరగరలు కావు. మాట తెగడం, రోబో గొంతు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసుకోవడం. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే ఆలస్యం మనకు తెలియదని అంతర్జాతీయ టెలికం ప్రమాణం. అది దాటిన కొద్దీ "చెప్పండి, మీరు చెప్పండి" మొదలవుతుంది.

మాట తెగుతుంటే ఆ క్షణాన ఇంట్లో ఎవరు ఏం పైకి పంపుతున్నారో చూడండి. పెళ్లి వీడియోలు అప్‌లోడ్ అవుతున్నాయా, సీసీ కెమెరాలు క్లౌడ్‌కి పోస్తున్నాయా? చాలా సంస్థలు మాటకు వేరే దారి కేటాయిస్తాయి, అలాంటిచోట ఇది తగలదు. మీ సొంత రౌటర్ వెనక ఫోను పెట్టె విడిగా పెట్టుకుంటే మాత్రం తగలవచ్చు. ఒకవైపే మాట వినిపించడం కూడా తరచు అలాంటి అమరికలోనే చూస్తాం. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం, సాయం చేయబోయి, మాట ఎక్కడికి చేరాలో చెప్పే ఇంటర్నెట్ చిరునామాలు తారుమారు చేస్తుంది. దాన్ని ఆపేసి, పెట్టెను ఒకసారి కట్టేసి మళ్లీ వేస్తే ఎక్కువసార్లు సర్దుకుంటుంది.

అప్‌లోడ్లు ఆపినా తెగుతుంటే ఫైబర్ తీగను చూడాలి. అందులోది గాజు. బీరువా వెనక నొక్కుకుపోయినా, మేకు చుట్టూ బిగించి తిప్పినా వెలుతురు వంపు దగ్గర బయటికి పోతుంది. పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసున్న దీపం ఎర్రగా వెలిగితే తీగలో వెలుతురు రావడం లేదని. ఆకుపచ్చ కనెక్టర్ ఊడదీసి కంటి ముందు పెట్టుకుని చూడొద్దు, అందులోది కంటికి కనపడని లేజర్.

ఇక ఫైబర్ పెట్టెకు తగిలించిన మామూలు ఫోనులో గరగరో గుయ్యో వస్తే, వెతకాల్సిన చోటు రెండడుగుల మేర మాత్రమే: ఫోను, దాని తీగ, పెట్టె అడాప్టరు. ఇంట్లోని పాత గోడ తీగలకు ఈ పెట్టెను కలిపి అన్ని గదుల్లోనూ ఫోను మోగించుకునేవాళ్లు ఉన్నారు. తప్పులేదు, కానీ ముందు వీధినుంచి వచ్చే పాత డ్రాప్ వైరును పూర్తిగా విప్పేయాలి. లేకపోతే స్తంభం మీది తడీ పిడుగూ కొత్త పెట్టెలోకి దారి చేసుకుంటాయి. పాత లైనుకు కరెంటు ఎక్స్‌ఛేంజి బ్యాటరీ ఇచ్చేది, తుపానుకు ఊరంతా చీకటైనా డయల్ టోన్ ఉండేది. ఈ పెట్టెకు మన ఇంటి కరెంటే కావాలి. ముసలివాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో రౌటర్ల కోసం అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఒకటి పెట్టించడం అవసరం. పెట్టె అడాప్టరు మీద ఎన్ని వోల్టులని రాసుందో చూసుకుని మరీ కొనండి. వేలితో తిప్పే పాత నల్ల ఫోను దాచుకున్నవాళ్లు దాన్నీ తగిలించి చూడవచ్చు. గంట మోగుతుంది, మాట వినపడుతుంది, కానీ చాలా పెట్టెలకు ఆ తిప్పుడు డయలింగు అర్థం కాదు.